మా మరిది ఓడెక్కించిన కుర్చీ

మా మరిదికి ఉద్యోగాలు నిలవవు. బద్ధకస్తుడా అంటే కాదు. చెప్పిన పనికి రెండింతలు చేస్తాడు, తంటా అంతా ఆ రెండో ఇంతతోనే. బట్టల షాపులో పెడితే, బొమ్మల ఒంటి మీదున్నవి కూడా విప్పి మడతపెట్టి బీరువాలో సర్దేశాడు. ఇక లాభం లేదని, మా యజమాని కాళ్ళావేళ్ళా పడి నేను పనిచేసే ఆఫీసులోనే పెట్టించాను. ఇక్కడివాళ్ళ సరుకును ఎవరివో ఓడల్లో ఎక్కించి పై దేశాలకు చేర్చడం మా పని.

"మొదటి కంటైనర్ సరిగ్గా పంపితే ఉంటాడు. లేదంటే ఇంటికే" అన్నాడు యజమాని.

"నా పరువు తీయకు బాబూ" అని మరిదికి మరీ మరీ చెప్పాను.

ఆ మొదటి కంటైనర్ నిండా కుర్చీలు. మా యజమానికి నడుం నొప్పి, ఎక్కడికెళ్ళినా తన పాత కుర్చీని మోయించుకుపోతాడు. ఆ రోజూ దాన్ని గోడౌన్లో వేయించుకుని కూర్చున్నాడు. మరిదేమో పొద్దుటినుంచీ కంటైనర్ లోపలే సర్దుతున్నాడు, ఆయన్ని చూడనేలేదు. ఇంతలో ఫోన్ మోగితే ఆయన మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే మరిది లెక్క చూశాడు. ఒక కుర్చీ తక్కువ! చెమటలు పట్టి బయటికొస్తే ఎదురుగా ఒక కుర్చీ, కవరైనా లేకుండా.

"ఇలా వదిలేస్తే ఎలా? బాధ్యత ఉండొద్దా?" అని, ఏదో చెప్పబోయిన హమాలీలను తిట్టి, దుమ్ము దులిపి, బుడగల కవరు చుట్టి, చీటీ అంటించి, స్వయంగా లోపల పెట్టొచ్చాడు. తలుపులు మూయించి సీలు కూడా వేయించాడు.

నేను కాగితాలతో గోడౌన్లోకి వచ్చేసరికి యజమాని ఫోన్ మాట్లాడుతూనే వెనక్కొచ్చి, అలవాటు కొద్దీ కూర్చోబోయాడు. అక్కడ కుర్చీ ఉంటే కదా! దభీమని నేల మీద పడ్డాడు.

"నా కుర్చీ ఏది?"

ఎవరూ నోరు విప్పకముందే లారీ డ్రైవరు కొత్త కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "ఇదొకటి లారీలోనే ఉండిపోయింది సార్."

మరిది ఆ కొత్త కుర్చీ వంకా, కంటైనర్ సీలు వంకా చూశాడు.

"సీలు పగలగొట్టించమంటారా సార్?" అన్నాడు.

"పగలగొడితే కొత్త సీలు నంబరుతో కాగితాలన్నీ మళ్ళీ చెయ్యాలి. అందాకా ఆగడానికి ఆ ఓడ మీ మేనమామదా?"

"సార్, వాడి తరఫున నేను..." అన్నాను.

"నువ్వు మాట్లాడకమ్మా! ఏమయ్యా, అక్కడివాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. కొత్తది తర్వాతి ఓడలో పంపు. నాది వెనక్కి తెప్పించు. అది వచ్చేదాకా నీకు ఉద్యోగం, వచ్చాక నీ దారి నీది."

ఇంటికొచ్చాక ఉండబట్టలేక అన్నాను. "చూడు బాబూ, తొందరేం లేదు. ఆ కుర్చీని నాలుగు దేశాలు తిప్పించి తీసుకురా. అన్నాళ్ళూ జీతం వస్తుంది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అదేంటి వదినా! నేను సొంతంగా చేస్తున్న మొదటి బుకింగ్ ఇది. ఆలస్యం చేస్తే నన్నెవరు నమ్ముతారు? పైగా ఆయన నడుం..."

బతకడం చేతకాదు వీడికి అని తిట్టుకుంటూనే అన్నం వడ్డించాను. అబద్ధమెందుకు, లోపల గర్వంగానే ఉంది. నా సలహాకి నాకే సిగ్గేసింది.

ఆ రోజు నుంచి అందరి ప్రాణాలూ తోడేశాడు. ఏ ఓడ ముందొస్తుంది, ఏ రేవులో ఆగుతుంది, కస్టమ్స్ వాళ్ళు ఏమడుగుతారు అని తిండీతిప్పలూ లేకుండా తిరిగాడు. ఈ లోపల మా యజమాని వేరే కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని అందరి మీదా కేకలేశాడు.

అనుకున్న దానికంటే ముందే కుర్చీ వచ్చేసింది. యజమాని అందులో వాలి "అమ్మయ్య" అని కళ్ళు మూసుకున్నాడు. మరిది సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"వెళ్ళొస్తాను సార్."

"ఎక్కడికి?" అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "రేపు సోఫాల లోడు ఉంది. లెక్క నువ్వే చూడాలి. నేను మాత్రం నిలబడే ఉంటాను."