లిఫ్టు బయట లిఫ్టు మనిషి

ఆయన ఉద్యోగం లిఫ్టు నడపడం. ఆయన కనబడని చోటు ఏదైనా ఉందంటే అది లిఫ్టే.

కారణం వినయం. అది ఆరంతస్తుల ఆఫీసు భవనం. లిఫ్టు పాతది, ఇనప మడత తలుపుది, లోపల పిడి తిప్పితే కదిలేది. జనం నిండాక ఇంకొక మనిషి కనబడితే చాలు, "రండి రండి, నేనున్నాను గదా అడ్డం" అంటూ తాను దిగిపోయేవాడు. ఎక్కినవాళ్ళే పిడి తిప్పుకుని పోయేవారు. ఆయన ఒక్కొక్క మెట్టే ఎక్కి పైకి చేరేసరికి వాళ్ళు పని ముగించుకుని కిందికి దిగడానికి నిలబడి ఉండేవారు. "ఆలస్యమైంది, మన్నించాలి" అనేవాడు. అందరూ ఆయన్ను వినయంగారు అనేవారు.

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు తగ్గించుకోవడం గురించి ప్రసంగించారు. వినయంగారు అప్పటికప్పుడు లేచి చివరి బెంచీకి వెళ్ళాడు. అక్కడికెవరో వస్తే చోటిచ్చి గుమ్మంలోకి జరిగాడు. గొడుగులు పెట్టుకునేవాళ్ళకు అడ్డమని మెట్ల మీదికి దిగాడు. ఆశీర్వాదం వేళకు వీధి అవతల నిలబడి ఆమేన్ అన్నాడు. పాస్టరుగారు బయటికొచ్చి, "బాబూ, దేవుడు లోపల కూడా ఉంటాడు" అన్నారు.

మేనేజరమ్మదీ ఆ చర్చే. భవనం బాధ్యత కొత్తగా ఆవిడకు అప్పగించారు. ఆవిడ గొంతు విప్పితే ఆరో అంతస్తులో కూడా కుర్చీలు సర్దుకునేవి. లిఫ్టు మాత్రం ఎక్కేది కాదు. "డాక్టరు నడవమన్నాడు" అనేది. డాక్టరు పాపం ఏమీ అనలేదు. ఆ తలుపు మూసుకుంటే ఆవిడకు ఊపిరాడదు. ఈ సంగతి బయటపడితే రేపట్నుంచి ప్యూను కూడా తన మాట లెక్కచెయ్యడని బెంగ.

రోజూ ఆవిడ మెట్లెక్కుతుంటే వెనక వినయంగారు ఎక్కుతుండేవాడు.

"మీరెందుకండీ ఇక్కడ?"

"లిఫ్టు నిండిందమ్మా."

ఇదేం వినయం, ఒళ్ళు మండించే వినయం, అనుకునేది ఆవిడ. వెనక్కి తిరిగి లిఫ్టు వంక ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు యజమాని కబురు పంపాడు. తనిఖీకి వస్తున్నాడు. లిఫ్టు మనిషి లిఫ్టు బయట కనబడితే ఆ పూటే ఉద్యోగం ఆఖరు.

"వినయంగారూ, ఇవాళ ఒక్కరోజు లోపల పడి ఉండండి," అంది మేనేజరమ్మ.

"అలాగేనమ్మా. మరి ఎవరైనా పెద్దావిడ వస్తే?"

"ఎవరొచ్చినా సరే!"

"కర్ర పట్టుకుని వస్తే?"

"వినయంగారూ!"

"సరేనమ్మా. మూలకి నించుంటాను."

యజమాని వచ్చాడు, ఎక్కాడు. వినయంగారు మూల బొమ్మలా నిలబడ్డాడు. మేనేజరమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతలో యజమాని, "మీరూ రండమ్మా, పైన చూద్దాం" అన్నాడు.

"డాక్టరు నన్ను..."

"డాక్టరుకు నేను చెప్పుకుంటాను లెండి. ఎక్కండి."

ఆవిడ కాలు లేవలేదు. వినయంగారు ఆవిడ మొహం చూశాడు.

"చోటు లేదండయ్యా," అన్నాడు.

యజమాని చుట్టూ చూశాడు. ఖాళీ లిఫ్టు. "లేకపోవడమేమిటయ్యా? ఇందులో గుర్రాన్ని కట్టెయ్యొచ్చు!"

"తమరు పెద్దవారండి. విశాలంగా ఉండాలి. నేను కూడా ఎక్కువేనండి." బయటికొచ్చి, వంగి దణ్ణం పెట్టి, తలుపు మూశాడు.

"నీకివాళే ఆఖరు!" అంటూ యజమాని పిడిని బలంకొద్దీ తిప్పాడు. లిఫ్టు గుర్రుమంటూ లేచి, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ నడుమ ఆగిపోయింది.

ఇద్దరూ మెట్లకేసి పరుగెత్తారు. సగం దారిలో మేనేజరమ్మ ఆగింది.

"మీకు తెలుసా?" అంది మెల్లగా.

"మీరొచ్చిన రోజే తెలిసిందమ్మా. ఆ తలుపు చూసి మీ మొహం పాలిపోయింది. మీరొక్కరే మెట్లెక్కితే ఎందుకని అడుగుతారు. వెనక నేనుంటే నన్ను చూసి నవ్వుకుంటారు. మిమ్మల్ని మర్చిపోతారు."

రెండో అంతస్తులో మడత తలుపు పైభాగాన యజమాని బూట్లు కనబడుతున్నాయి. మిగతా యజమాని ఇంకా పైన ఉన్నాడు. గుమాస్తాలందరూ పోగయ్యారు. మేనేజరమ్మ ఆ బూట్లకేసి తలెత్తింది.

"అయ్యా! ఆయన్ను తీసెయ్యకండి. నాకు లిఫ్టంటే భయం. నాకోసమే దిగాడు."

గుమాస్తాలు నోళ్ళు తెరిచారు.  బూట్ల పైనుంచి సన్నటి గొంతు వినబడింది. "అమ్మా... ఇందులో గాలి ఆడుతుందా?"

"ఆడుతుందయ్యా. నెమ్మదిగా పీల్చండి. నేనిక్కడే ఉన్నాను." ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగలదని ఆ భవనంలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"పిడి ఎడమకండయ్యా," అన్నాడు వినయంగారు. "తొందరేం లేదు. తమరి వీలు చూసుకుని."

లిఫ్టు దిగింది. యజమాని చెమటతో బయటికొచ్చి, లిఫ్టుకు వీపు తిప్పి, "పైకి నడిచే పోదాం" అన్నాడు. వినయంగారు అక్కడే నిలబడిపోయాడు.

"నువ్వు రావేం?"

"నాకు ఆఖరన్నారు గదండీ."

"ఎవడన్నాడు? నోరు మూసుకుని ఎక్కు."

ఎక్కసాగారు. నాలుగో అంతస్తు దగ్గర యజమాని రొప్పుతూ, "మా ఇద్దరికీ లిఫ్టంటే భయం, సరే. నీకు దేనికోయ్ భయం?" అన్నాడు.

"నాకు మెట్లంటేనండి."

"మెట్లేమిటి?"

"మోకాళ్ళు పట్టేస్తాయండి. అందుకనే లిఫ్టు ఉద్యోగంలో చేరాను."

యజమాని మేనేజరమ్మ వంక చూశాడు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ను ఎత్తి ఎక్కించసాగారు. ఆరో అంతస్తు దాకా ఆయన మెట్టు మెట్టుకూ క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు.