పురుగులింటి బాయిలర్

పెనుకొండకు ఆరేడు మైళ్ళ దూరంలో, మల్బరీ తోటల నడుమ కౌసల్యమ్మకు రెండిళ్ళున్నాయి. ఒకటి తాను పడుకునేది. చలికాలం వస్తే అందులో దుప్పటి కప్పుకున్నా ఒకటే, కప్పుకోకున్నా ఒకటే. రెండోది పట్టుపురుగులది. దాని దర్జా వేరు. పురుగుకు చలి పడదు గనక ఆ ఇంటి బయట కట్టెల బాయిలర్ పెట్టారు. హిందూపురంలో వెల్డింగ్ చేయించిన పెద్ద ఇనుప డ్రమ్ము, దాని కింద పొయ్యి, పక్కన పొగగొట్టం. కాగిన నీళ్ళు గొట్టాల్లోంచి ఇల్లంతా తిరిగొస్తాయి. లోపల ఇరవై ఐదు డిగ్రీలకు తగ్గకూడదు.

అంతకుముందు లోపలే బొగ్గుల కుంపట్లు పెట్టేవాళ్ళు. బాయిలర్ వచ్చిన రోజు భర్త రామాంజి, "ఇంగ నీకు పొగ లేదు, దగ్గు లేదు. మహారాణివి" అన్నాడు. పొగ పోయిన మాట నిజమే. కానీ గంటకోసారి తుమ్మ కట్టె వేయకపోతే నీళ్ళు చల్లారిపోతాయి. వేసేదెవరు? మహారాణే. రామాంజి చెడ్డవాడేం కాదు. ఆకు కోసేది, మోసేది, పట్టుగూళ్ళు మార్కెట్టుకు తీసుకుపోయేది అతనే. అయితే బాయిలర్ దగ్గర కూర్చోవడం అతని దృష్టిలో పని కాదు, ఉత్త కూర్చోవడం.

ఏడాదికి ఏడెనిమిది పంటలు. ఒక పంట గూళ్ళు దింపి ఇల్లు కడిగేలోగా మరో పంట పురుగులు దిగుతాయి. ఎండాకాలం బాయిలర్ ఆరినా ఆమెకు తెరపి లేదు, కిటికీలకు కట్టిన గోనెపట్టాలు తడుపుతూ ఉండాలి. కనగానపల్లిలో ఉన్న అక్క సోమక్క ఇంటికి పోయి మూడేళ్ళయింది. పెళ్ళిళ్ళకు రామాంజి ఒక్కడే పోయి, తిన్న వంటలన్నీ వచ్చి చెప్పేవాడు. ఆ మాటలు వింటూ కట్టె ఎగదోసేటప్పుడు కౌసల్యమ్మకు ఏడుపు, కోపం కలిసే వచ్చేవి.

ఈ పురుగుల లోకంలో ఒక మాట ఉంది. పురుగు కుబుసం విడిచే ముందు రోజో రోజున్నరో తలెత్తుకుని కదలకుండా ఉంటుంది. దాన్ని జ్వరం అంటారు. గూడు కట్టేలోగా నాలుగు జ్వరాలు. జ్వరంలో మేత పెట్టరు. మళ్ళీ కదిలితే 'లేచినాయి' అంటారు. రైతులు దారిలో ఎదురైతే బాగున్నావా అని అడగరు, "ఎన్నో జ్వరం?" అని అడుగుతారు.

మొన్న మధ్యాహ్నం సోమక్క మొగుడు ముత్యాలప్ప ఫోన్ చేశాడు. ఎత్తింది రామాంజి. ముత్యాలప్ప కూడా పురుగులు పెంచేవాడే.

"ఈడ జ్వరమబ్బా. మూడు దినాలాయ, ఇంగా లేయలా. కౌసల్యను ఒగసారి పంపితే బాగుంటాది."

"చలికి అట్లనే అన్నా. తలుపులేసి కాక పెంచు. లేసేదాకా ఏమీ పెట్టొద్దు. ఈడా జ్వరమే, ఆమె కదిలేకి కాదు" అన్నాడు రామాంజి.

ఫోన్ జేబులో వేసుకుని తోటలోకి పోయాడు. భార్యకు చెప్పడం మరిచాడు. పురుగుల సంగతి ఆమెకు కొత్తా ఏంటి?

మరునాడు మధ్యాహ్నం గేటు దగ్గర ఆటో ఆగింది. గొంగళి కప్పుకుని దిగింది సోమక్క. పురుగులకు రోగమంటుతుందని బయటివాళ్ళు లోపలికి రాకూడదన్న సంగతి ఆమెకూ తెలుసు, గేటు పట్టుకుని నిలబడిపోయింది. కౌసల్యమ్మ చేతిలో కట్టెతోనే పరిగెత్తింది.

"ఏమే, నీకు జ్వరమంట గదా? కదల్లేకుండా ఉండావంట గదా?" అంటూ సోమక్క చెల్లెలి నుదురు మీద చెయ్యి పెట్టింది. "అయ్యో, కాలిపోతాండావే!"

పొద్దుటి నుంచి పొయ్యి ముందు కూర్చున్న నుదురు కాలకేం చేస్తుంది? కానీ దాని మీద పడిన చెయ్యి అంతకంటే కాలుతోంది.

"నాకు యాడిది జ్వరమక్కా? నీకే ఉండాది!"

"నాకు నాలుగు దినాల్నుంచీ ఉండాది. నిన్ను పంపమంటే నీకూ జ్వరమే అన్నాడంట మీ ఆయప్ప. ఆ మాటిన్నాక పండుకోబుద్ధి కాలా. నాకు ఏమీ పెట్టొద్దన్నాడంట గూడా. నిన్నట్నుంచి మీ బావ గంజి గూడా పోయలా, కాక పెంచల్ల అని రెండు గొంగళ్ళు మాత్రం కప్పినాడు."

కౌసల్యమ్మకు అంతా అర్థమైంది. నవ్వొచ్చేంత సంగతే. కానీ ఏడ్చేసింది. అక్క నాలుగు రోజులు మంచం మీద పడుంటే తాను పురుగులకు వెచ్చదనం చూస్తూ కూర్చుంది. ఆ అక్కే ఒళ్ళు కాలుతున్నా రెండు బస్సులు మారి తనను చూడడానికొచ్చింది.

అంతలో రామాంజి, పురుగులు లేచాక వేసే ఆకు మోపుతో వచ్చాడు.

"అక్కకు జ్వరం. పెనుకొండ ఆస్పత్రికి పిల్చుకపోతా" అంది కౌసల్యమ్మ.

"అయ్యో వదినా! ఆటో ఉండాది గదా, దాంట్లోనే పంపిద్దాం. పురుగు లేసేకి ఇంగో పూట పడతాది. నువ్వు పోతే కాక తగ్గుతాది" అన్నాడు.

ఈ ఇంట్లో కదలకుండా పడుండే హక్కు జ్వరం వచ్చినవాటికే ఉందని కౌసల్యమ్మకు అప్పుడు తట్టింది. సోమక్క గేటు పట్టుకున్నా నిలబడలేక తూలుతోంది.

"నాకూ జ్వరమే" అంది కౌసల్యమ్మ.

రామాంజి మోపు దించుతున్నాడు. చూపు పొగగొట్టం మీద ఉంది.

"ఎన్నోది?" అన్నాడు.

అన్నాక గానీ అతనికి తానేమన్నాడో వినిపించలేదు. మోపు సగంలో ఆగింది.

"ఎవురు లెక్కబెట్టినారు?" అంది కౌసల్యమ్మ. చేతిలోని కట్టె అతని చేతిలో పెట్టి, అక్కను పట్టుకుని ఆటో ఎక్కింది.

ఆటో పెనుకొండ దోవ పట్టింది. అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూడా ఆమె వెనక్కి తిరిగి బాయిలర్ పొగగొట్టం వైపే చూస్తూ కూర్చుంది, పొగ వస్తోందో లేదో అని.