నిండని గుంట దగ్గరికి

అక్క చేతివేళ్ళు వంకర తిరిగిపోవడంతో నేను ఆ ప్రయాణం పెట్టుకున్నాను. అరవైల మొదట్లో మాట. గుంటూరు బ్రాడీపేటలో మా అద్దె ఇంట్లో కీళ్ళవాతంతో జడ కూడా వేసుకోలేక కూర్చునేది. కార్టిజోన్ బిళ్ళ వేస్తే వేళ్ళు తెరుచుకునేవి. పైదేశం నుంచి వచ్చినప్పుడే ఆ బిళ్ళ దొరికేది. పత్తిగింజల నూనెలో స్టెరాల్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుందని నేను పనిచేసే కాలేజీ లాబ్‌లో ప్రొఫెసరుగారు చెప్పారు. మట్టిలోని కొన్ని బాక్టీరియాలు ఎంజైములతో దాని తోక తెంపి తింటాయట. మిగిలే మొండెంతో అలాంటి మందు చెయ్యొచ్చట. ఆ బాక్టీరియా కోసం ఏళ్ళ తరబడి నూనె తాగిన నేల వెతకాలి. ఇక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

గుంటూరులో ఆరున్నరకి బస్సెక్కి ఎనిమిదికల్లా చిలకలూరిపేటలో దిగాను. టిక్కెట్టు రూపాయి లోపే. అక్కణ్ణుంచి జట్కాలో అరగంట పోతే, నల్లరేగడి చేల మధ్య నూనె మిల్లు, దాని వెనక మడ్డి పారబోసే గుంట. చేలన్నిటి మీదా మంచు పరుచుకుని ఉంది, గుంట మీద లేదు. నూనె వాసన కూడా లేదు. వంగి చెయ్యి పెడితే మట్టి జ్వరం వచ్చిన నుదురులా వెచ్చగా తగిలింది. నాకు నిజంగానే భయం వేసింది.

మడ్డిబండి తోలే మస్తాన్ దూరంగా నిలబడ్డాడు. "అటు ఎక్కువసేపు ఉండమాకండి. మా నాయన పోశాడు, నేనూ పోస్తున్నా. ఇది నిండటం ఎప్పుడూ చూళ్ళేదండి."

"ఎటు పోతోంది మరి?"

"తింటోందండి."

జాడీ నింపుకుని లేస్తుంటే, నేను తవ్విన చోట అతను ముంతెడు మడ్డి పోశాడు. ఇంకో ముంత నా చేతికిచ్చి, "దీన్ని ఆకలితో ఉంచమాకండి" అన్నాడు.

తిరుగు బస్సులో, యడ్లపాడు దాటాక, నేను బిగించిన మూత టప్పున ఎగిరింది. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "అందులో ఏముందయ్యా?"

"మట్టేనండి."

ఆయన సంచీ తీసుకుని వెనక సీటుకి వెళ్ళిపోయాడు.

లాబ్‌లో ఆ మట్టికి స్టెరాల్ తప్ప మరో తిండి పెట్టలేదు. కొన్నాళ్ళకి పరీక్ష కాగితం మీద మాకు కావలసిన మొండెం తాలూకు మచ్చ తేలింది. మర్నాటికి లేదు. తోక తిన్న బాక్టీరియా వేరే ఎంజైములతో మొండేన్నీ విప్పుకుని తినేశాయి. మధ్యలో వాటిని ఆపడం మాకు చేతకాలేదు.

"వచ్చిందా?" అంది అక్క.

"వచ్చిందక్కా. నిలవలేదు."

నేను ఇంటికి తెచ్చిన మిగతా మట్టి జాడీని ఒళ్ళో పెట్టమంది. వంకర వేళ్ళు దాని చుట్టూ వేసి, "వెచ్చగా ఉందిరా" అంది. నేను ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. ఆ రోజు నుంచి ఆవిడే దానికి చెంచాతో మడ్డి పోసేది.

ఆ మట్టికి మన బాధ తెలియదు, ఆకలి తెలుసు. అయినా నాకు దాని మీద కోపం రాలేదు. అటు వెళ్ళి అలాంటి మట్టి తెచ్చుకునేవాళ్ళు మూత బిగించకండి, పల్చటి గుడ్డ కట్టండి. లోపల గాలి ఆడాలి. అక్క పోయాక ఆ జాడీని అదే గుంటలో కుమ్మరించి వచ్చాను. ఒంపేముందు ఒకసారి రెండు చేతులూ దాని చుట్టూ వేశాను. వెచ్చగా ఉంది.