గాజుపోగులు అతికే వదిన

మా ఇంట్లో అన్నయ్య గుడ్డలు అతుకుతాడు, వదిన గాజుపోగులు అతుకుతుంది. "మాది అతుకుల సంసారం. విడిపోయే ప్రసక్తే లేదు" అని అన్నయ్య కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే వచ్చినవాళ్లకు చెబుతుంటాడు.

వదిన పని ఊరి చివర, సముద్రం ఒడ్డున ఉన్న కేబుల్ స్టేషన్లో. చదువు మధ్యలో ఆగిపోయాక నన్నూ అక్కడే గదులు ఊడ్చే పనికి పెట్టించింది. సముద్రం అడుగున పడుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చే కేబుల్, మా ఒడ్డున ఇసుక కిందుగా నడిచి ఒక సిమెంటు గోతిలోకి వస్తుంది. గోతి మీద ఇనుప మూత, లోపలికి నిచ్చెన. సముద్రం కేబుల్‌ని ఊళ్లోకి వెళ్లే కేబుల్‌తో కలిపేది ఆ గోతిలోనే. పైన ముంజేయంత లావు, తారు పూసిన ఇనుప తీగలు. ఒలుచుకుంటూ పోతే ఆఖరికి మిగిలేవి వెంట్రుకల్లాంటి ఎనిమిది గాజుపోగులు. జనం ఫోన్లలో చెప్పుకునే కబుర్లు, పెట్టుకునే తగువులు అన్నీ వెలుగుగా మారి వాటిలోంచే పోతాయట.

"ఏనుగును ఒలిస్తే దోమ మిగిలిందన్నమాట" అన్నాడు అన్నయ్య అది విని.

"ఆ దోమ కాసేపు పనిచెయ్యకపోతే ఊరంతా ఏనుగులా ఘీంకరిస్తుంది" అంది వదిన.

మొన్నటి వానాకాలంలో వదిన మేడమెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి ఎముక కుదురుకుంది కానీ, బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఏదైనా సన్నటిది పట్టుకుంటే చాలు, వేళ్లు వణికేవి. గరిటె పట్టుకుంటే ఏమీ లేదు. గాజుపోగు పట్టుకుంటేనే వణుకు.

స్టేషన్ పెద్దసారు మంచివాడే. పిలిచి కూర్చోబెట్టాడు.

"కంప్యూటర్ తెరల గదిలో కూర్చోమ్మా. ఎర్రలైటు వెలిగితే ఫోన్ చెయ్యడమే పని. జీతం అదే. హాయిగా ఫ్యాను కింద."

"ఫ్యాను మా ఇంట్లోనూ ఉంది సార్" అంది వదిన. "కొత్త కేబుల్ ఓడ వస్తోందిగా. గోతిలోకి ఎవరు దిగుతారు?"

"పై ఊరి నుంచి ఎవరినైనా పిలిపిస్తాం."

"నేను దిగుతాను."

దిగాలంటే మళ్లీ పరీక్షకు కూర్చోవాలన్నాడు. చేతికి దెబ్బ తగిలినవాళ్లు పరీక్షాధికారి ఎదుట ఒక పూర్తి అతుకు వేసి చూపించాలి. దానికి గడియారం లేదు, ఎంతసేపైనా తీసుకోవచ్చు. కానీ మొదలుపెట్టిన మనిషి పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు. లేస్తే తప్పినట్టే. తప్పితే ఇక తెరల గదే.

ఆ రోజు నుంచి అన్నయ్య గుడ్డలు కత్తిరించే బల్ల వదినదైపోయింది. స్టేషన్లో పారేసే తుక్కు పోగులు తెచ్చుకుని, నల్లగుడ్డ పరిచి కూర్చునేది. పోగు మీది రంగుపొర ఒలవాలి, స్పిరిటుతో తుడవాలి, చివరను తిన్నగా కోయాలి. కుడిచేయి వణుకుతోంది కాబట్టి అది చేసే పనులన్నీ ఎడమచేతికి నేర్పడం మొదలుపెట్టింది. కోసిన గాజుముక్కలు కంటికి ఆనవు, ఒంట్లో గుచ్చుకుంటే మాత్రం తియ్యలేం. వాటిని జిగురు టేపుకు అంటించి తీసేదాన్ని నేను. ఆ గదిలోకి మంచినీళ్ల గ్లాసు కూడా రానిచ్చేది కాదు.

"ఇంట్లో కోడలికి వంట నేర్పినట్టు నేర్పుతున్నావే ఎడమచేతికి" అనేవాడు అన్నయ్య.

"నేర్చుకుంటోంది. అత్త కంటే నయం అనిపించుకుంటుంది చూడండి."

ఒకరోజు వరసగా పోగులన్నీ విరిగిపోతుంటే అన్నయ్య ఇక ఆగలేకపోయాడు. "పెద్దాయన జీతం తగ్గించనన్నాడు. ఎందుకే ఈ పంతం?"

వదిన చేతిలోని విరిగిన పోగును పక్కన పెట్టి అంది. "రేపట్నుంచి మీరు బట్టలు కుట్టొద్దు. ఎవరో కుట్టినవి చూస్తూ కూర్చోండి. జీతం నేనిస్తాను. కూర్చుంటారా?"

అన్నయ్య లేచి వెళ్లి బల్ల దగ్గరికి దీపం ఇంకాస్త కిందికి దించాడు.

పరీక్ష రోజున నేను శిక్షణగది బయట వసారా తుడుస్తున్నాను. గోడ అద్దానిది, తలుపు ఓరగా ఉంది. పరీక్షాధికారి బట్టతలాయన, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాలని వస్తూనే చెప్పాడు.

వదిన పొద్దున్నే మొదలుపెట్టింది. ఇనుప తీగలు విప్పింది, లోపలి పొరలు ఒలిచింది. తర్వాత ఒక్కో పోగును చిన్న మిషనులో ఎదురెదురుగా పెట్టి కరెంటు మెరుపుతో కరిగించి అతికింది. అతుకు పడ్డ చోట సన్నటి తొడుగు జరిపి వేడిచేస్తే అది బిగుసుకుని కాపలా ఉంటుంది. ఆ తొడుగును అతకకముందే పోగుకు తొడిగి ఉంచుకోవాలి. తర్వాత ఎక్కించే దారి లేదు.

ఒక పోగు అయింది, రెండు అయ్యాయి, ఆరు అయ్యాయి. ఏడోదానికి రెండుసార్లు కోత వంకరపోతే మళ్లీ కోసింది. దాన్ని అతికి, తొడుగు జరపబోయి ఆగిపోయింది. తొడుగు పోగు మీద లేదు. నల్లగుడ్డ మీద, మోచేతి పక్కన పడి ఉంది.

ఇదివరకు కుడిచేత్తో కోస్తున్నప్పుడు ఎడమచేతి వేళ్లలో తొడుగు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఎడమచేయే కోస్తోంది. పట్టుకుని గుర్తుచేసే వేళ్లు లేవు.

పరీక్షాధికారి ముందుకు వంగి చూశాడు. "అతుకు బాగానే పడిందే."

"తొడుగు మర్చిపోయాను సార్."

"అందరికీ జరిగేదే. కొయ్యండి, మళ్లీ వెయ్యండి."

వదిన ఆ పోగును వేలిమీద సాగదీసి చూసుకుంది. అప్పటికే రెండుసార్లు కోసింది దాన్నే. అతికిన పోగులన్నిటినీ చుట్టచుట్టి ఒక పళ్లెంలో సర్దాలి. ఇంకొకసారి కోస్తే ఇది పొట్టిదై చుట్టకు సరిపడా రాదు. బిగించి చుడితే వెలుగు మలుపులో కారిపోతుంది. ఎనిమిది పోగులూ ఒకే పొడుగుంటేనే చుట్ట కుదురుతుంది.

"అన్నీ కోసేస్తాను" అంది.

"అయిపోయినవి కూడానా?"

"అన్నీ. లోపలి పొర ఇంకా కాస్త వెనక్కి ఒలిచి, మొదటి పోగు నుంచి వేస్తాను."

ఆయన కిటికీలోంచి ఎండను చూశాడు. "నా బస్సు మాటేమిటమ్మా?"

"గడియారం లేదన్నారుగా సార్. మీరు లేవొచ్చు. లేవకూడనిది నేనే."

ఆయన గొణుక్కుంటూ సంచీ కింద పెట్టేశాడు.

వదిన ఎనిమిది తొడుగులూ లెక్కపెట్టి, రంగుపొర ఒలవడం కూడా మొదలుపెట్టకముందే ఎనిమిది పోగులకూ తొడిగేసింది. అలా ఎవరూ చేయరట. అడ్డం వస్తాయి. అడ్డం వస్తేనే మంచిది, మర్చిపోను అన్నట్టు ఒక్కోదాన్ని వెనక్కి తోసి పని చేసుకుంది. మధ్యాహ్నం దాటింది. నేను తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాను. కుడి మణికట్టు వాచినట్టు నాకు అద్దంలోంచే తెలుస్తోంది. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతినే నమ్ముకుంది. కుడిచేయి అవసరమైనప్పుడు మోచేతిని బల్లకు నొక్కి, ఊపిరి బిగబట్టి పోగును పట్టుకునేది.

ఎనిమిదో తొడుగు బిగుసుకునేసరికి పరీక్షాధికారి దీపం వేసుకోవాల్సి వచ్చింది. చుట్టలు పళ్లెంలో సర్ది మూత బిగించాక, ఆయన ఒక కొసన వెలుగు పంపి రెండో కొసన చూశాడు. ఒక్కో పోగూ చూసి, తల ఊపి, మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"కారడం లేదు" అన్నాడు చివరికి. "గోతిలోకి దిగొచ్చు. ఇక లేవండి."

వదిన లేవబోయింది. కాళ్లు తిమ్మిరెక్కి మళ్లీ కూలబడింది. "ఇప్పుడు లేవకపోయినా తప్పినట్టు కాదుగా సార్?"

ఆయన నవ్వి, బస్సు తప్పిన సంగతి ఎవరికో ఫోన్లో చెప్పుకుంటూ బయటికి వచ్చాడు.

కొత్త కేబుల్ ఒడ్డుకు వచ్చిన రోజు గాలి ఎక్కువగా ఉంది. దూరంగా ఓడ, ఓడ నుంచి ఒడ్డుదాకా నీళ్ల మీద నారింజరంగు రబ్బరు బుడగలు, వాటి కింద వేలాడుతూ కేబుల్. దాన్ని ఇసుక మీదికి లాగి గోతిలోకి దింపారు. వదిన సంచీ భుజాన వేసుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పడుతుందేమోనని పెద్దసారు గోతి అంచున వంగి చెయ్యి అందించాడు.

"కాస్త పక్కకు జరగండి సార్" అంది వదిన. "వెలుతురుకు అడ్డం."