వడ్లగింజలు చెప్పిన పేరు

అరకు నెట్ సెంటర్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

పొద్దున్న కొండమీది ఊళ్లో ఒక పసివాడి రక్తపరీక్ష ఫలితం చెప్పడానికి వెళ్లాను. మా ల్యాబ్ కంప్యూటర్ వాడి జన్యువులు చదివి, రక్తకణాలు వంకరపోయి కీళ్లనొప్పులు తెచ్చే సికిల్ సెల్ జబ్బు ఉందని తేల్చింది. వాడేమో బొద్దుగా, నవ్వుతూ ఉన్నాడు.

నేను వెళ్లేసరికి వాడికి పేరు పెడుతున్నారు. వాడి నాయనమ్మ గిన్నెడు నీళ్లలో రెండు వడ్లగింజలు తేల్చి, చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తోంది. ఎవరి పేరుకు గింజలు కలిస్తే వాళ్లే మళ్లీ పుట్టినట్టు. ఒక పేరు దగ్గర రెండూ అంటుకున్నాయి.

"నా పెద్దకొడుకు తిరిగొచ్చీసినాడు మేడమ్!" అని ముసలమ్మ ఏడ్చేసింది.

"అతనెలా పోయాడమ్మా?"

"కీళ్లు వాసీసి, నొప్పులు నొప్పులని అరిసరిసి పోనాడు. పెళ్లీడు కూడా రానేదు. అదేటి జబ్బో ఎవులికీ తెలీనేదు."

కన్నీళ్లు తుడుచుకుని పసివాణ్ణి నా ఒళ్లో పెట్టింది. "ఇంతకీ మీ కంప్యూటరేటి సెప్పినాది?"

రేపొచ్చి చెప్తానని కొండ దిగిపోయాను. వెనక ఇంటిల్లిపాదీ వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

మీరే చెప్పండి, గింజలూ మా కంప్యూటరూ ఒకే మాటన్నాయని రేపు ఆమెతో ఏ నోటితో అనను?