శుక్లం పండేదాకా

నాకు నలభై నాలుగేళ్లు నిండిన వేసవిలో మొదటిసారి నా చేతి గీత తప్పింది. రాయ్‌పూర్‌లో రైల్వే ఇంజనీరింగు ఆఫీసులో నేను ట్రేసర్ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన నక్షాల మీద నిగనిగలాడే పల్చటి గుడ్డ పరిచి, నల్ల సిరాతో ఆ గీతలన్నీ దించడం నా పని. పట్టాల గీతలు రెండేసి పక్కపక్కనే పోతాయి. వాటి మధ్య వెంట్రుకంత సందుంటుంది. ఆ రోజు నాకా సందు కనిపించలేదు. రెండు గీతలూ కలిసి ఒకే లావు గీతయ్యాయి. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కోప్పడలేదు. గుడ్డ తిరిగి నా చేతికిచ్చి, "చష్మా బన్‌వా లో, భాయ్" అన్నాడు.

చత్వారమన్నమాట. అందరికీ వచ్చేదే. అద్దాలు పెట్టుకున్నాను. ఆఫీసు పని సర్దుకుంది. సర్దుకోనిది మరొకటుంది.

నేను నాటకాలు రాసేవాణ్ణి. పెద్ద రచయితనేమీ కాదు. మా రైల్వే కాలనీలో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. ఉగాదికి కాలనీ హాల్లో తెలుగు నాటకం వేయడం మాకు అలవాటు. పదిహేనేళ్లపాటు ఆ నాటకం నాదే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, వరండాలో ఒళ్లో అట్ట పెట్టుకుని కూర్చుంటే మనుషులు వచ్చి మాట్లాడుకునేవారు. నేను వింటూ ఉంటే చెయ్యి రాసుకుపోయేది. ఈ వ్యవహారంలో కన్నుకి కూడా పనుందని నాకప్పుడు తెలియదు.

అద్దాలొచ్చాక తెలిసింది. అరగంట రాస్తే కనుబొమల వెనక సన్నగా నొప్పి మొదలయ్యేది. వ, ప, ష మూడూ అక్కాచెల్లెళ్లయిపోయేవి. 'వాడు రాడు' అని రాసి, తిరిగి చూస్తే 'పాడు రాడు' అన్నట్టుండేది. ఏది రాశానో తేల్చుకోవడానికి కాగితం వెలుగులోకి ఎత్తేవాణ్ణి. తేలేది. కానీ ఆ ఒక్క క్షణంలో, అవతల మాట్లాడబోతున్న మనిషి నోరు మూసుకునేది. మళ్లీ తెరిచేది కాదు. చూపు అక్షరం మీద ఆగితే మనసు కూడా అక్కడే ఆగిపోతుందని నేనెవరికి చెప్పినా నవ్వేవారు. "వయసు కదండీ, మతిమరుపొస్తాది" అనేది మా ఆవిడ. మతిమరుపు కాదు. మరిచిపోవడానికి ముందు తట్టాలి కదా!

ఆ ఏడూ ఆ తరవాతి ఏళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. నాటకాలు పొట్టివయ్యాయి. జనం చప్పట్లు కొట్టారు గాని, అవి నాకు నచ్చలేదు.

యాభై దాటిన ఏడాది ఒక ఉదయం వింత జరిగింది. కిరాణా సరుకుల పొట్లం విప్పి, చుట్టిన కాగితం మీది వార్త చదువుతున్నాను. మా ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది.

"అదేటండీ? కళ్ళద్దాలేవి?"

తడుముకుని చూసుకున్నాను. మొహం మీద అద్దాల్లేవు. అవి మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఉన్నాయి. మళ్లీ చదివాను. చిన్నచిన్న అక్షరాలు, చివర అచ్చేసినవాళ్ల చిరునామాతో సహా, స్పష్టంగా కనబడుతున్నాయి.

చూపు తిరిగొచ్చిందనుకున్నాను. కాలనీ అంతా చెప్పుకున్నాను. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది. ఆ సాయంత్రమే ఒక కొత్త నాటకం మొదలుపెట్టాను. రిటైరైన గార్డు ఒకాయన, ఆయన భార్య. ముప్ఫయ్యేళ్లుగా ఉన్న రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన రోజు. ఆరు వారాల్లో రెండు రంగాలు పూర్తయ్యాయి. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు. మూడో రంగంలో సామాను బండికెక్కుతుంది. గార్డు ఖాళీ గదిలో నిలబడి, కదలనంటాడు. అప్పుడు ఆ ముసలావిడ అతనితో ఒక మాట అంటుంది. ఏమంటుందో నాకింకా తెలియదు. నాకెప్పుడూ ముందు తెలిసేది కాదు. అక్కడిదాకా రాస్తే చెయ్యే చెప్పేది.

అక్కడిదాకా రాయనే లేదు. భిలాయ్‌లో ఉన్న బావమరిదిని చూడ్డానికి బయల్దేరి, టాటీబంధ్ చౌరస్తాలో ఒక బస్సెక్కాను. బోర్డు చదివే ఎక్కాననుకున్నాను. చుట్టూ టిఫిన్ డబ్బాలు పట్టుకున్న కార్మికులు. కొంతదూరం పోయాక పక్కనున్నతను, "ఏ బస్ భిలై నఇ జావయ, బాబూ" అన్నాడు. భిలాయ్ పోదట. అది ఉర్లా ఫ్యాక్టరీలకి వెళ్లే బస్సు. దగ్గరి అక్షరాలు చదవగలుగుతున్న ఆనందంలో దూరానివి ఎప్పుడు చెరిగిపోయాయో నేను చూసుకోలేదు.

దేవేంద్ర నగర్‌లో ఉండే కంటి డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి, టార్చి వేసి చూశాడు. మంచివాడు, నిదానంగా చెప్పాడు. చూపు తిరిగిరాలేదట. లోపల మోతియా, అంటే శుక్లం, మొదలైందట. అది ముదిరేటప్పుడు కొందరికి కొన్నాళ్లు ఇలా దగ్గరి చూపు బాగుపడినట్టు అనిపిస్తుందట. తరవాత అదీ పోతుందట.

"అయితే ఆపరేషను చేసెయ్యండి" అన్నాను హిందీలో.

"అభీ పకా నహీ హై" అన్నాడు. పండలేదట. పండాకే తియ్యాలట. ఎంతకాలమంటే చెప్పలేనన్నాడు. ఏడాది పట్టవచ్చు, మూడేళ్లూ పట్టవచ్చు.

కాయ పండేదాకా ఎదురుచూసినట్టు నా గుడ్డితనం పండేదాకా ఎదురుచూశాను. రెండు నెలల్లో దగ్గరి అక్షరాలూ మంచులో పడ్డాయి. ఎండలోకి వస్తే లోకమంతా తెల్లటి వెలుగు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆఫీసులో నా బల్ల మరొకరికిచ్చి, నన్ను పాత నక్షాల గదిలో వేశారు. అక్కడ అడిగినవాళ్లకు నక్షాల చుట్టలు తీసివ్వడమే పని. వాటి మీది నంబర్లు కూడా వచ్చినవాళ్లే చదువుకునేవారు.

ఉగాది దగ్గరపడుతోంది. కాలనీ తెలుగు సంఘం కార్యదర్శి నాటకం కోసం రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లాడు. "చెప్పండి, నేను రాస్తాను" అంది మా ఆవిడ. ఆవిడ ఐదో తరగతి దాకా చదివింది. నేను చెప్పింది రాయకుండా నాతో వాదానికి దిగేది.

"ఖాళీ చేసిన రోజున ఆడమనిషి అలాగంటాదేటండీ? పొయ్యి మీద పాలేటయ్యాయో సూసుకుంటాది గానీ."

ఆవిడన్నదే నిజం కావచ్చు. కానీ రాయడానికి ముందే ఎవరో వింటున్నారన్న సంగతి నా నోరు కట్టేసేది. రెండు రోజుల్లో ఆ ప్రయత్నం మానేశాం.

మా అమ్మాయికప్పుడు పంతొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని, చదువంతా హిందీలోనే. తెలుగు అక్షరాలు రావు. "పరవాలేదు నాన్నా, మీరు తెలుగులో బోలండి, నేను హిందీ అక్షరాల్లో రాసేస్తాను" అంది. నోట్‌బుక్ పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు మాటలయ్యేసరికి, "రుకో నాన్నా, ఇంత జల్దీ చెప్తే ఎలా?" అంది. ఆగాను. మళ్లీ చెప్పాను. 'ళ' ఎలా రాయాలో తోచక తనాగింది. గార్డు గదిలో నిలబడే ఉన్నాడు. ముసలావిడ అతని వైపు తిరిగింది. ఆమె నోరు తెరవబోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"తరవాత క్యా, నాన్నా?"

"నోరు ముయ్యి!" అని అరిచాను.

మా అమ్మాయిని నేను ఎన్నడూ అలా అనలేదు. నోట్‌బుక్ మూసిన చప్పుడు వినబడింది. తన మొహంలో ఏముందో నాకు కనిపించలేదు. అదొకందుకు మంచిదేమో. "సారీ నాన్నా" అని తనే అంది. తప్పు నాదైతే సారీ తనెందుకు చెప్పిందో అడగలేకపోయాను.

మూడో రంగం సగంలో ఆగింది. కార్యదర్శి ఆ కాగితాలు పట్టుకుపోయి, "మిగతాది మేం చూసుకుంటాం గురువుగారూ, మీరు రెస్టు తీసుకోండి" అన్నాడు.

ఉగాదినాడు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. స్టేజి దీపాల చుట్టూ రంగురంగుల వలయాలు తప్ప నాకేమీ కనిపించలేదు. మొదటి రెండు రంగాలూ విన్నాను. నావే. మూడో రంగంలో గార్డు కదలనన్నాడు. ముసలావిడ భోరున ఏడ్చి, అతని కాళ్ల మీద పడింది. హాలంతా ముక్కులు ఎగబీల్చింది.

ఆమె ఏడవదు. కాళ్ల మీద అసలే పడదు. అంతవరకు నాకు తెలుసు. మరేం చేస్తుందో మాత్రం తెలియదు. తెలియనివాడు లేచి, ఇది తప్పని ఎలా అంటాడు? తెర పడ్డాక అందరూ వచ్చి చేతులు పట్టుకుని ఊపారు. "ఆఖర్న ఏడిపించేశారండీ" అన్నారు. నమస్కారం పెట్టాను.

ఏడాదిన్నర తరవాత శుక్లం పండింది. ఆపరేషను బాగానే జరిగింది. సీసా అడుగుల్లాంటి దళసరి అద్దాలిచ్చారు. వాటిలోంచి అక్షరాలు పెద్దవిగా, నల్లగా, అంచులు కాస్త వంగి కనబడేవి. వ వేరు, ప వేరు, ష వేరు. వరండాలో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, 'ఖాళీ గది' అని రాశాను. చక్కగా కనిపించింది. ఆ రెండు మాటలనూ చాలాసేపు చూశాను. ఎవరూ రాలేదు. మర్నాడూ కూర్చున్నాను. నెలరోజులు కూర్చున్నాను. మా ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టి, శబ్దం చెయ్యకుండా లోపలికి వెళ్లిపోయేది. ఆ జాగ్రత్త చూస్తే నాకు మరింత సిగ్గేసేది.

డాక్టరునడిగాను. "ఆంఖ్ ఏక్‌దమ్ ఠీక్ హై" అన్నాడు. కన్ను బాగైతే ఆయన పని అయిపోయినట్టే. మిగతాది ఎవరికి చూపించుకోవాలో నాకు తెలియలేదు.

తరవాత సంఘంవాళ్లు ఎవరెవరివో నాటకాలు తెచ్చి వేశారు. నాకు తెర పక్కన స్టూలు వేసి, పుస్తకం చేతికిచ్చి, మాటలు అందించమన్నారు. చదవగలను కదా, సరేనన్నాను.

ఒక ఏడాది, నాటకం మధ్యలో పేజీ తిప్పితే తరవాతి కాగితం లేదు. ఎక్కడో ఊడిపోయింది. స్టేజి మీద భర్త వేషం వేసినతను మాట మరిచిపోయి నా వైపు చూశాడు. అక్కడ ఒక్క మాట కావాలి. ఏదైనా సరే, కథ ముందుకు నడిపే మాట ఒక్కటి. పూర్వమైతే నోట్లోంచి పది వచ్చేవి. అతని చూపు నా మీదే ఉంది. దళసరి అద్దాల్లో అతని మొహం పెద్దదిగా, చెమటతో, ఎంతో స్పష్టంగా కనిపిస్తోంది. నేను పెదవులు కదిపాను. మాట రాలేదు.

చివరికి భార్య వేషం వేసిన అమ్మాయే, "సరే పోనీండి, కాఫీ తాగుతారా?" అంది. జనం నవ్వారు. నాటకం ముందుకు సాగింది. నేను చేతిలో మిగిలిన పేజీల్లో వాళ్లెక్కడున్నారో వెతుక్కుంటూ కూర్చున్నాను.