చోపు, చాల్టు, చండే

ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు రోజువారీ ఇంగ్లీషు మాటలు నేర్పడానికి సంచీ నిండా ఇంటి సామాన్లు పట్టుకెళ్తాను. జాబితా బట్టీ పట్టిస్తే రెండు రోజుల్లో మర్చిపోతారు గానీ, చేత్తో పట్టుకుని చూసిన వస్తువు పేరు ఎక్కడికి పోతుంది? నిన్న క్లాసులో ఎర్ర సబ్బు కాగితం విప్పగానే, ఆ ఘాటు వాసన నన్ను శ్రీకాకుళం కాలేజీ గదిలోంచి లాక్కెళ్లి, పొందూరు పక్కన మా ఊళ్లో మా అమ్మ ముందు కూర్చోబెట్టింది.

అమ్మ ఖద్దరు నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి దువ్వి మెత్తబరిచి రాట్నం ముందు కూర్చుంటే, వసారా అంతా తెల్లటి నూగు ఎగురుతూ ఉండేది. వేసవైతే పెరట్లో జీడిపిక్కలు కాల్చిన కమ్మటి పొగ, వానాకాలమైతే తడిసిన గడ్డివాము వాసన, పొద్దున్నే చోడి అంబలిలోకి కొరికిన ఉల్లిపాయ ఘాటు సాయంత్రం దాకా నోట్లోనే. నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ పడేయగానే, రాట్నం ఆపకుండానే అడిగేది.

"ఈయేల ఏటి నేర్సుకున్నావే గుంటా? నాకూ సెప్పు."

రోజుకి ఐదు మాటలు చెప్పేదాన్ని. బకెట్, నీడిల్, బ్రూమ్... చక్రం ఒక్కో తిప్పుకీ ఒక్కో మాట పైకి అనుకునేది. నూలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో విదేశీయులు వచ్చేవారు. వాళ్లతో ఎప్పుడూ ఇంకెవరో మాట్లాడేవారు, ఈమె తలొంచుకుని వడుకుతూ ఉండేది. ఎప్పటికైనా తనే ఓ నాలుగు ముక్కలు మాట్లాడాలని అమ్మకి మహా కోరిక.

నేను ఆరో తరగతికి వచ్చాక గోదావరి వైపు నుంచి కొత్త టీచరమ్మ వచ్చింది. "సైరు కాదమ్మా, చైరు. సాక్పీసు కాదు, చాక్‌పీసు" అని ఓపిగ్గా దిద్దేది. మంచావిడే, ఒక్కరి మీదా చెయ్యి చేసుకోలేదు. కానీ నా బుర్ర ఊరుకుంటుందా! మన నోట 'స' వచ్చిన చోటల్లా చదువుకున్నవాళ్లు 'చ' అంటారని నా అంతట నేనే ఓ సూత్రం కనిపెట్టేశాను. మర్నాడు లేచి నిలబడి గడగడా అప్పజెప్పాను: చోపు, చాల్టు, చండే, చిస్టర్!

టీచరమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ నవ్వింది కదాని క్లాసంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఉక్రోషం ఎవరి మీద తీర్చుకోను? ఇంటికొచ్చి అమ్మ మీద పడ్డాను. "నీ వల్లే నా నోరిలా తగలడింది! సెప్పు కాదు, చెప్పు! సూడు కాదు, చూడు!"

"అలాగేలే తల్లీ, దిద్దుకుంతాను" అంది. నవ్వింది కూడా.

ఆ నెలలోనే బడికి తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. అమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. దారి పొడుగునా నేను ఒకటే పాట: "అక్కడ నువ్వు నోరిప్పకు." టీచరమ్మ ఎదురొచ్చి, "మీ అమ్మాయి బాగా చదువుతోందండీ, ఇంట్లో మీరే చదివిస్తారా?" అని అడిగింది. అమ్మ నా మొహం చూసి, తలూపింది. ఇంకేదో అడిగితే మళ్లీ తలూపింది. టీచరమ్మ నా వైపు వంగి, జాలిగా అడిగింది.

"మీ అమ్మగారికి మాటలు రావా?"

"రావండి" అన్నాను.

అమ్మ నా పక్కనే ఉంది. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు తిట్టలేదు. "ఆకలేస్తందా?" అని మాత్రం అడిగి, చప్పున నాలిక కరుచుకుని, "వేస్తోందా?" అని దిద్దుకుంది. మర్నాడు బడి నుంచి వచ్చి రాట్నం ముందు కూర్చున్నాను. అమ్మ పత్తి దువ్వింది, నూలు తీసింది, లేచి దీపం పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ రోజుతో ఆమె ఇంగ్లీషు చదువు ఆగిపోయింది. నాకా వయసులో అది హాయిగానే అనిపించింది, ఏం చెప్పను!

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. రాట్నం లేదు, చేప దవడ ఏమైందో తెలీదు, జీడిపప్పు ప్యాకెట్లలో వస్తోంది. నాతో మాత్రం వార్తలు చదివేవాళ్లలా ఆచితూచి మాట్లాడుతుంది: "జాగ్రత్తగా చూసి వెళ్లమ్మా, చేరగానే ఫోన్ చెయ్యి." నాతో మన మాట మాట్లాడమ్మా అని ఎన్నిసార్లు బతిమాలానో. "వద్దమ్మా, పిల్లలకు పాఠం చెప్పే నోరు, పాడైపోతుంది" అంటుంది. దెప్పిపొడుపు కాదు, నిజంగానే అంటుంది. అదే నా ప్రాణం తీస్తుంది.

ఈ ఉదయం కాలేజీకి బయల్దేరుతుంటే వీధి గుమ్మంలో కూరలమ్మే ఆవిడతో అమ్మ గొంతు వినిపించింది.

"ఓలమ్మో, ఏటే ఈ వంకాయలు, ఇలగ వాడిపోనాయి? సూసుకోకుండా తెచ్చీసినావేటే?"

ఇద్దరూ పకపకా నవ్వుకుంటున్నారు. టైమైపోతోంది, అయినా తలుపు వెనకే ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను. నేను కనిపిస్తే అమ్మ మాట మార్చేస్తుంది.